ముల్లు నీడ

మార్చి 9, ఆదివారం
కొట్టు వెనక గది

చిరంజీవి చిన్నముల్లును మనసారా ఆశీర్వదిస్తూ మీ నాన్న రాస్తున్న సంగతులు.

ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. అలా రాయడం ఆచారం కాబట్టి రాశాను, తక్కినది కింద చదువు. నువ్వు బాగానే ఉన్నావనీ, కొరియర్ ఆఫీసులో నిన్ను పార్సిళ్లు మోసే చోటు నుంచి లోపలి బల్ల దగ్గరికి మార్చారనీ మీ అమ్మ చెప్పింది. సంతోషమేనని పైకి అన్నాను. వాచీలో వెంట్రుకంత స్ప్రింగును ఊపిరి బిగబట్టి సరిచేసే వేళ్లు పార్సిళ్లకు టేపు అంటిస్తున్నాయని లోపల అనుకున్నాను.

ఈ కాలంలో ఉత్తరమేమిటి, ఫోను చేయొచ్చు కదా అనుకుంటావు. చేస్తే ఎత్తుతావు, నాకు తెలుసు. ఎత్తి, చెప్పండి నాన్నా అంటావు. పద్నాలుగు నెలల కిందటి దాకా చెప్పు నాన్నా అనేదానివి. ఆ 'అండి' వినపడగానే ఫోను మీ అమ్మకిచ్చేస్తాను. అందుకని కాగితం పట్టుకున్నాను. కాగితం మధ్యలో ఏమీ అడగదు.

పోయిన నెల పదిహేనో తారీఖున బంగారుపన్ను మన కొట్టుకొచ్చాడు. గుర్తున్నాడుగా, పాత వాచీలు కొని పెద్ద ఊళ్లలో అమ్ముకునే వ్యాపారి, నవ్వితే ముందు పన్ను మెరుస్తుంది. ఈసారి వాచీ తేలేదు, పళ్ల బుట్ట తెచ్చాడు. బల్ల మీద పెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. మాస్టారూ, అంతా మీ నోటి చలవ, ఆ నర్సమ్మ వాచీ తొంభై వేలకు పోయింది, డయలు అసలుదేనని అక్కడ ముగ్గురు చూసి చెప్పారు, మీరు దానికి కొత్తగా రంగేశారని అనకపోతే నాకది నాలుగు వేలకు దొరికేదా అన్నాడు. పైగా, మీ వాటా ఏదన్నా ఉంటే మొహమాటపడకండని కన్ను కొట్టాడు.

వాడి లెక్కలో నేను కావాలనే వాడికోసం ధర దించాను. కాదని అరవాల్సింది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆ పళ్లు ఇంటికి పట్టుకెళ్లలేదు, వీధి చివర చెప్పులు కుట్టే ఆయనకిచ్చేశాను. ఎందుకండీ అంటే, ఎక్కువయ్యాయి అన్నాను.

ఆ రోజు సంగతి నీకు తెలియనిది కాదు. అయినా నా చేత్తో నేను రాయాలి. నువ్వు మరిచిపోయి ఉంటావన్న ఆశ కూడా లేదు.

రిటైరైన ఆ నర్సమ్మ చేతికర్ర గోడకు ఆనించి, రుమాల్లో కట్టిన వాచీ మన బల్ల మీద పెట్టింది. పోయిన వాళ్ల అన్నయ్యదట, ఆయన పోయాక బీరువాలోనే నలభై ఏళ్లు ఉండిపోయిందట. మోకాలికి ఆపరేషను చేయించుకోవాలి, న్యాయంగా ఎంతొస్తుందో చెప్పండి, మీ కొట్టులో మాటకు తేడా ఉండదని విన్నాను అంది. బంగారుపన్ను అప్పటికే కుర్చీలో ఉన్నాడు, మనం ఎంతంటే అంతకు కొంటానని.

మన పద్ధతి ప్రకారం ఒకరిది ఒకరు చూడకుండా నువ్వో చీటీ, నేనో చీటీ రాశాం. రెండూ మడిచి గాజు బుడ్డి కింద పెట్టాం. ఆ బుడ్డిని అమ్మేవాళ్ల చేతే ఎత్తించడం నాకు పని నేర్పిన గురువుగారి నాటి నుంచీ ఉన్న అలవాటు. చీటీలు దగ్గర దగ్గరగా ఉంటే అదే ధర. దూరంగా ఉంటే వాచీ మళ్లీ తెరిచి ఇద్దరూ చూడాలి. పదకొండేళ్లలో మన చీటీలు మహా అయితే వెయ్యో రెండు వేలో తేడా వచ్చేవి. ఆ రోజు నాది నాలుగు వేలు, నీది అరవై వేలు. నర్సమ్మ రెండు చేతుల్లో రెండు చీటీలు పట్టుకుని ఒకసారి నన్నూ ఒకసారి నిన్నూ చూసింది.

నేను నవ్వాను. అంత పాత వాచీకి అంత తెల్లటి ముఖం ఎలా ఉంటుంది, డయలు మీద కొత్తగా రంగేశారు, అక్షరాలు లావెక్కాయి, రంగేసినదానికి ధర పలకదు అన్నాను. మెరిసేదానికి తక్కువ, అరిగినదానికి ఎక్కువ ధర ఎందుకని ఎనిమిదేళ్లప్పుడు నువ్వు అడిగితే, మనిషి చెయ్యి పడి బాగుపడినదానికంటే ఎవరూ ముట్టుకోకుండా పాతబడినదే మేలని చెప్పింది నేనే. ఆ పాఠమే నర్సమ్మకూ చెప్పాను, కాస్త రాగం తీసి.

నువ్వేమీ వాదించలేదు. కీ ఇచ్చే బొడిపె లాగి, నాలుగూ పది దగ్గర ఆగి ఉన్న ముళ్లను పక్కకు జరిపావు. ముళ్ల కింద నీడ ఉంది చూడు నాన్నా, అన్నావు. చీకట్లో మెరిసే పాతకాలపు రంగు ముళ్ల మీద ఉందనీ, ముళ్లు ఏళ్ల తరబడి ఒకేచోట నిలబడితే ఆ రంగు కింది డయలును సన్నగా కాలుస్తుందనీ, ఈ మధ్య ఎవరైనా రంగేసి ఉంటే ఆ మచ్చ కప్పబడిపోయేదనీ, ముఖం తెల్లగా ఉన్నది ఎండ తగలకేననీ నర్సమ్మకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పావు. నీ మాటలు పొల్లుపోకుండా గుర్తున్నాయి.

నేను భూతద్దం కంటికి పెట్టుకుని వంగాను. లేచి, నీడా లేదు గీడా లేదు, ఏదో మరక అన్నాను. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందని సామెత విసిరాను. అంతటితో ఆగినా బాగుండేది. పదకొండేళ్లు నేర్పినా దీనికి చూపు రాలేదమ్మా, ఇక రాదు కూడా, అని నర్సమ్మతో అన్నాను, నువ్వు మూరెడు దూరంలో నిలబడి ఉండగా. నీ చీటీ ఆవిడ చేతిలోంచి తీసుకుని చింపేశాను. బంగారుపన్ను పకపకా నవ్వాడు.

నువ్వు ఏడవలేదు. ముళ్లను మళ్లీ నాలుగూ పదికి తెచ్చి, మూత బిగించి, చేతులు కడుక్కుని ఇంటికెళ్లావు. వారం తిరక్కుండా, నాకు చూపు లేదని తేలిపోయింది కాబట్టి వేరే పని చూసుకున్నాను అని మీ అమ్మకు రాసిపెట్టి వెళ్లిపోయావు. ఆ కాగితంలో నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే ఇద్దరం పోట్లాడుకుని ఈపాటికి సర్దుకునేవాళ్లం.

బంగారుపన్ను వచ్చి వెళ్లాక నాలుగో రోజుకు గానీ నాకు కాళ్లు కదల్లేదు. కొట్టులో గోడనున్న పెద్ద గడియారం అమ్మేశాను. ఇంట్లో ఉన్నదీ కలిపి, నీ చీటీలోని అరవై వేలకు తక్కువైనంతా పట్టుకుని నర్సమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. రెండో అంతస్తులో ఒకే గది. ఆవిడ ఆపరేషను చేయించుకోలేదు. మెట్లు దిగడమే మానేసింది. సంచీకి తాడు కట్టి కిటికీలోంచి కిందికి దించుతుందట, కూరగాయలతను అందులో వేసి కేకేస్తే పైకి లాక్కుంటుందట. నేను వెళ్లేసరికి ఆ తాడు కిటికీ చువ్వకు చుట్టి ఉంది. నాకు తలకొట్టేసినట్టయింది.

పొరపాటు పడ్డానని చెప్పి డబ్బు బల్ల మీద పెట్టాను. ఆవిడ ఎంచి చూసుకోలేదు, నన్ను కూర్చోమననూ లేదు. డబ్బు సంగతి సరే, ఆ అమ్మాయికి చెప్పారా అని మాత్రం అడిగింది. చెప్పానన్నట్టు తలూపాను. ఆ తలూపడాన్ని నిజం చేద్దామనే ఈ ఉత్తరం.

అమ్మా, అసలు కారణం చెబుతాను. రెండేళ్లుగా నా చూపు మందగిస్తోంది. అద్దం పెట్టుకున్నా వాచీ లోపలంతా పొగ కమ్మినట్టు ఉంటోంది. చిన్న చిన్న స్క్రూలు వేళ్ల అలవాటు మీద బిగిస్తున్నాను. ఆ రోజు నువ్వు చూపించిన నీడ నాకు కనపడలేదు. కనపడలేదని నలుగురిలో ఒప్పుకోవడానికి మొహం చెల్లక, అసలు లేనే లేదన్నాను. లోటు నీ చూపులో లేదు, నా కంట్లో ఉంది. ఆపరేషను చేయాలని డాక్టరు అంటోంది, చేసినా పాత చూపు వస్తుందని మాట ఇవ్వలేనంటోంది. నువ్వెళ్లాక బుడ్డి కింద ఒక్క చీటీయే పెడుతున్నాను, అది కూడా భయం భయంగా.

వచ్చెయ్. కొట్టు నీది, బల్ల నీది. నన్నో మూల కూర్చోబెట్టు, వచ్చినవాళ్లకు కబుర్లు చెప్పి కూర్చోబెడతాను, అది మాత్రం కళ్లు లేకపోయినా చేయగలను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. చిన్నదానివైనా పెద్ద మనసు చేసుకో.

తల వంచుకుని,
మీ నాన్న

తా.క. సోమవారం ఉదయం. పైదంతా నిన్న రాసి, కవరు అంటించే ముందు మీ అమ్మకు చదవమని ఇచ్చాను. కొంగుతో కళ్లొత్తుకుంటూ చదివింది. మీ కళ్లిలా అయ్యాయని నాకైనా చెప్పలేదేమండీ, ఇది చూస్తే పిల్ల ఆ పూటే బస్సెక్కుతుంది అంది. నువ్వు బస్సెక్కుతావన్న మాటకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కాసేపటికి ఆ సంతోషం చూసుకుని నా మీద నాకే రోత పుట్టింది.

నా కళ్లకు ఏమీ కాలేదు. పోయిన వారం కంటి డాక్టరు దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్లిన మాట నిజం. ఏదో ఒక జబ్బు ఉంటే బాగుండునని వెళ్లాను. గోడ మీది అట్టలో అన్నిటికన్నా కింది వరస చదవమంది. చదివాను. దానికింకా కింద, అట్ట అచ్చేసిన ప్రెస్సు పేరు చీమ తలంత అక్షరాల్లో ఉంటే అదీ చదివాను. ఆవిడ నవ్వి, ఈ వయసులో ఇలాంటి కళ్లు నేను చూడలేదు, వెళ్లి పని చేసుకోండి అంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా ఏ పాపమూ ఎరగని కళ్ల మీదికి నెట్టాను.

మొదటి చూపులో రంగేసిందనుకోవడం పొరపాటే. అది మన పనిలో ఉన్నదే, అందుకు సిగ్గుపడక్కర్లేదు. కానీ ముళ్లు జరిపి చూడాలన్న ఆలోచన నలభై ఏళ్లలో నాకు ఒక్కసారీ రాలేదు. నీకొచ్చింది. నేను నేర్పనిది దీనికెలా తెలిసిందని ఒళ్లు మండింది. నా చీటీ అప్పటికే ఆవిడ చేతిలో ఉంది, పక్కన బంగారుపన్ను చూస్తున్నాడు. అద్దం పెట్టుకుని వంగినప్పుడు నీడ స్పష్టంగా కనిపించింది. టీ మరక రంగు. చిన్న ముల్లుది నాలుగు దాటి కొంచెం కిందికి వాలి ఉంది, చివర వెడల్పుగా, ఒక అంచు పలచగా. ఆ పలచటి అంచు సంగతి నువ్వు చెప్పలేదు. నేనే చూశాను. చూసి, లేదన్నాను. ఆవిడ మోకాలి సంగతి విన్నాకే అన్నాను.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇది పోస్టు డబ్బాలో వేసి వచ్చాక చెబుతాను, ముందే చెబితే వేసే ధైర్యం ఉండదు. పై పేజీలు చింపేద్దామనుకున్నాను. మీ నాన్న ఎంత నమ్మకంగా అబద్ధమాడగలడో నీకు తెలిసి ఉండటం మంచిదని ఉంచేశాను. నా కళ్ల కోసమని బస్సెక్కకు. నన్ను చూసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు. పని మీద ఇంకా ఇష్టం ఉంటే ఏ ఊళ్లోనైనా ఓ బల్ల వేసుకో, ధర చెప్పేటప్పుడు ఎవరి మొహమూ చూడకు. ఆ రోజు ఆ వాచీని ఇద్దరం సరిగ్గానే చూశాం. చెప్పింది నువ్వొక్కదానివే.