అలకు అనుమతి ఎవరిచ్చారు?

మార్చి 3, సోమవారం
ఈ రోజు నన్ను సముద్ర విద్యకు జాతీయ సమన్వయాధికారిణిగా నియమించారు. గది ఇచ్చారు. కిటికీలోంచి కార్ల షెడ్డు కనిపిస్తుంది. సముద్రం ఇక్కడికి చాలా దూరం. సమన్వయానికి దూరమే మంచిదని కార్యదర్శిగారు సెలవిచ్చారు.

పని: ఐదో తరగతి పుస్తకంలో సముద్రంపై ఒక పుట. నెలాఖరులోగా ఇవ్వకపోతే అచ్చువాళ్ళు అక్కడ ఎక్కాలు వేసేస్తారు. ఏడు శాఖలు, ఒక పుట. ఇంత సులువైన పని నా సర్వీసులో ఎవరూ ఇవ్వలేదు!

సంకల్పం: ఈ పని ముగిసేవరకు ఒక్క ఉపసంఘం కూడా వేయను. (తాగునీటి బిందె పరిమాణంపై ఏనాడో నేను వేసినది ఇప్పటికీ సమావేశమవుతూనే ఉంది.)

సాయంత్రం తమ్ముడికి చెప్పాను. వాడు ఐదో తరగతి పంతులు. వాడి క్లాసులో సముద్రం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. రాత్రిపూట దానికి మూత పెడతారా సార్ అని ఒక పిల్ల అడిగిందట.

"ఆ పుట నిజంగా వస్తుందా అక్కా? పిల్లలకి చెప్పేయనా?"

"చెప్పేయ్. మాటిస్తున్నా."

"నీ మాటా, ప్రభుత్వం మాటా?"

"నాదేరా."

"అయితే చెప్తా."

మార్చి 6, గురువారం
పాఠం నేనే రాశాను. పన్నెండు వాక్యాలు. మొదటిది: 'అలలు ఒడ్డుకు వస్తాయి, మళ్ళీ వెళ్ళిపోతాయి.' వింటూ టైపిస్టు కళ్ళు మూసుకుంది. అది నిద్ర కాదని తరువాత ధ్రువీకరించుకున్నాను.

శాఖలన్నిటికీ పంపాను. నిబంధన ఒక్కటే: ఎవరి పరిధిలోని వాక్యాన్ని వారే సరిదిద్దాలి. ఇంత పకడ్బందీ ఏర్పాటు చేసినందుకు నన్ను నేనే అభినందించుకుని, ఆ అభినందనను వినయపూర్వకంగా స్వీకరించాను.

మార్చి 11, మంగళవారం
తొలి సమావేశం. బిస్కెట్లు అమోఘం!

"అల రావడం వరకు మాకు అభ్యంతరం లేదు మేడమ్. వెళ్ళిపోవడమే ఇబ్బంది. పోతూ పోతూ ఇసుక పట్టుకుపోతుంది" అన్నారు రేవుల శాఖాయన.

భూముల శాఖాయన లేచి నిలబడ్డారు. "ఇసుక మాదండీ. అసలు మా భూమిలోకి రావడానికి ఆ అలకు అనుమతి ఎవరిచ్చారు?"

"అల అనుమతి అడిగి వస్తుందా, విడ్డూరం కాకపోతే!" అన్నారు పర్యాటక శాఖావిడ.

"అడక్కుండా వస్తే దాన్ని ఆక్రమణ అంటారమ్మా."

ఆవిడ ఆ విషయం వదిలేసి, 'లోతు' అనే మాట తీసేయమన్నారు. జనం జడుసుకుంటే హోటళ్ళలో ఈగలు తోలుకోవాలట.

నేను ఉపసంఘం వేయలేదు. 'తీరరేఖా మిత్రమండలి' వేశాను. అది వేరు, ఇది వేరు.

మార్చి 15, శనివారం
పాఠం పక్కన బొమ్మలో చేప నవ్వుతోంది. పట్టి అమ్మవలసిన చేప నవ్వకూడదని మత్స్యశాఖ. నవ్వితీరాలని పర్యావరణ శాఖ. చేప ముఖకవళికలపై ఉపసంఘం వేశాను. ఒక్కటే! ముఖం సున్నితమైన విషయం కనుక దీన్ని సంకల్పభంగంగా పరిగణించనవసరం లేదు.

తమ్ముడు పళ్ళెం ముందు కూర్చుని పోరు పెట్టాడు.

"సముద్రం వచ్చిందా సార్ అని రోజూ ప్రాణం తీస్తున్నారక్కా. ఎక్కడిదాకా వచ్చిందని చెప్పను?"

"ఆర్థిక శాఖ దాకా."

"అక్కడ ఇంకిపోకుండా చూడు."

మార్చి 21, శుక్రవారం
ప్రస్తుత స్థితి: అల ఉపసంఘం, ఇసుక ఉపసంఘం, ఉప్పు ఉపసంఘం. నీలం రంగు ఎంత ముదురుగా ఉండాలన్నదానిపై ఒకటి. చేప ముఖం యథాతథం. వీటన్నిటినీ సమన్వయపరచడానికి మరొకటి. అది లెక్కలోకి రాదు, అది లెక్కపెట్టేది కదా.

అభ్యంతరం లేని వాక్యాలు: మూడు. వాటిలో ఒకటి శీర్షిక.

మార్చి 28, శుక్రవారం
అచ్చువాళ్ళ మనిషి పొద్దుటి నుంచి వరండాలో కాపలా. చేతిలో ఎక్కాల పుట సిద్ధంగా ఉంది.

మిగిలిన పాఠం: 'సముద్రం ఉంది.'

దానికీ ఆర్థిక శాఖాయన అడ్డుపడ్డారు. "ఉందని మనమే ఒప్పుకుంటే రేపు దాని నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారండీ?"

"మనం ఒప్పుకోకపోయినా అది ఉండే ఉంటుంది. సంతకం పెట్టండి మహాప్రభో, ఆకలేస్తోంది" అన్నారు కార్యదర్శిగారు.

పెట్టారు. కింద ఏడు శాఖల ముద్రలు. ముద్రలకు చోటు చాలక పాఠం అక్షరాలు కొంచెం చిన్నవి చేశారు. చేప బొమ్మ తీసేశారు. ఉపసంఘం మాత్రం ఉంది.

ఏమైతేనేం, ఎక్కాలను ఓడించాం!

జూన్ 18, బుధవారం
పుస్తకాలు బడికి చేరాయి. తమ్ముడు రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట మాట్లాడాడు. మాట్లాడకపోతేనే బాగుండేది.

"పిల్లలు పుట తిప్పి చూశారక్కా, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని. ప్రభుత్వం మాట కాదు, నా మాట అన్నావు. రేపొచ్చి నువ్వే చెప్పు."

"ఏం చెప్పాలిరా?"

"మిగతా పదకొండు వాక్యాలు."

జూన్ 19, గురువారం
వెళ్ళాను. సముద్రానికి మూత లేదని చెప్పాను. అలలు వస్తాయి, వెళ్ళిపోతాయి అన్నాను. ఎవరూ అనుమతి అడగలేదు. లోతు అన్నాను. ఎవరూ జడుసుకోలేదు. పిల్లలు నోళ్ళు తెరిచి వింటున్నారు.

అప్పుడొక పిల్లవాడు లేచాడు. "సముద్రం ఎవరిది మేడమ్?"

జవాబు నాకు తెలుసు. నోరు తెరిచాను. నా బదులు నా సర్వీసు మాట్లాడింది: "ఈ విషయమై ముందు బెంచీ ఒక ఉపసంఘంగా ఏర్పడి..."

ముందు బెంచీ నీళ్ళన్నీ తీసుకుంది. మధ్య బెంచీలు ఇసుక పంచుకున్నాయి. వెనక బెంచీ అభ్యంతరం తెలిపింది. గోడవారన కూర్చున్నవాళ్ళు తమకు ఆహ్వానం అందలేదని బయటికి నడిచారు. రెండు జడల పిల్ల బల్ల మీద డస్టరుతో కొట్టి, "ఒక్కొక్కరే మాట్లాడాలి, ముందు నేను" అంది. గంట కొట్టారు. సభ వాయిదా పడింది. నాలుగో వాక్యం నా దగ్గరే ఉండిపోయింది.

తమ్ముడు గేటు దాకా వచ్చాడు.

"వాళ్ళని పిల్లలుగా ఉంచడానికి నానా తంటాలు పడుతున్నానక్కా. అరగంటలో ప్రభుత్వాన్ని చేసేశావు."

జూన్ 20, శుక్రవారం
నా బుర్రకు తట్టని సంగతి వాడికి తట్టింది. వచ్చే నెల పిల్లలందరినీ రైలెక్కించి సముద్రం చూపిస్తాడట. నన్నూ రమ్మన్నాడు.

"ఒక్క షరతు. ఒడ్డున నువ్వు నోరు మెదపకూడదు. అల వస్తుంది, వాళ్ళు తడుస్తారు. అంతే పాఠం."

ఒప్పుకున్నాను. మనసు తేలికపడింది. కొత్త పేజీ, కొత్త సిరా!

సంకల్పం: ప్రయాణం ముగిసేవరకు ఒక్క ఉపసంఘం కూడా వేయను. ఈ క్షణం నుంచే అమలు.

రైల్లో కిటికీ పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఒక్కటే తేలవలసి ఉంది. దానికి ముగ్గురు సభ్యులు చాలు.