గేటు బయట అత్తగారు

అల్లుడుగారిని దీవించి అత్తగారు రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం, నీళ్ళు తప్ప. మీరు కాపలా కాసే అడవి వాగు నుంచే మా ఊరికి నీళ్ళొస్తాయని తెలిసినప్పటి నుంచీ "మా అల్లుడు పంపే నీళ్ళు" అని వీధంతా చెప్పుకు తిరుగుతున్నాను. నాలుగు రోజులుగా కుళాయి తిప్పితే ఒకటే నీచు వాసన. నిన్న పైవాటా మాస్టారు గ్లాసు తెచ్చి నా ముక్కు కింద పెట్టి, "ఏమ్మా, మీ అల్లుడు నిద్రపోతున్నాడా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాస్త చూసుకోండి.

మీ మేలు కోరే అత్తగారు.

తా.క. మిమ్మల్ని అనుమానిస్తున్నానని అనుకోకండి. తప్పు మీదేనని అంటున్నాను, అంతే.

*

అత్తయ్యగారికి నమస్కరించి అల్లుడు రాసుకునేది.

మీ ఉత్తరం చూసి సిగ్గుతో చచ్చిపోయాను. మీ అమ్మాయికి కూడా చూపించలేదు. వెంటనే వాగు వెంట పైదాకా నడిచాను. మీరన్నది నిజమే. మలుపు దగ్గర రాళ్ళ మధ్య అడవిపంది చచ్చి పడి ఉంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, తాడేసి ఈడ్చి, గట్టు అవతల దూరంగా పాతిపెట్టాను. అంత దూరాన ఉన్న మీరు కనిపెట్టారు, పక్కనే ఉండి నేను కనిపెట్టలేకపోయాను. క్షమించాలి.

తలెత్తుకోలేని మీ అల్లుడు.

తా.క. పంది మరీ పెద్దదేం కాదు.

*

అల్లుడుగారికి ఆశీస్సులు.

మీ ఉత్తరం కుళాయి దగ్గర చదివి వినిపించడం నాదే బుద్ధితక్కువ. మీ నిజాయితీకి మెచ్చుకుంటారనుకున్నాను. అందరూ పంది దగ్గరే ఆగిపోయారు. టైలరు భార్య ఇంట్లో గిన్నెలన్నీ మళ్ళీ తోమింది. ఇప్పుడు నేను బిందె పట్టుకుని వెళ్తే, "పందిగారి అత్తగారొచ్చారు, దారివ్వండి" అంటున్నారు. పైగా వాసన తగ్గలేదు, పెరిగింది.

ఇక రాతలతో లాభం లేదని ఆదివారానికి వ్యాను మాట్లాడారు. వీధంతా వచ్చి వాగును కళ్ళారా చూస్తారట. చూడనివ్వకపోతే మిమ్మల్ని మార్చమని నీళ్ళ ఆఫీసుకు అర్జీ పెడతారట. ఉద్యోగం నిలవాలంటే గేటు తీసి ఉంచండి.

మీ అత్తగారు.

తా.క. పిల్లలు ఈతకు బట్టలు సర్దుకుంటున్నారు.

*

అత్తయ్యగారికి నమస్కారం.

తమరు రావడం మా భాగ్యం. అయితే దారి గతుకులు. ఎండ ఎక్కువ. చెట్ల కింద జలగలు. మీకా మోకాళ్ళ నొప్పులు. మీ అమ్మాయికి కాస్త జలుబు కూడా. పైగా వాగు ఇప్పుడు బాగా శుభ్రంగా ఉంది. పైపు మూతి దగ్గర జాలీకి కుళ్ళిన ఆకులు పట్టి ఉంటే అవీ తీసేశాను. ఆలోచించుకోగలరు.

మీ అల్లుడు.

తా.క. ఆకుల సంగతి మాస్టారికి చెప్పకండి.

*

అల్లుడుగారూ,

మా మీద మీకెంత అభిమానం! జలగలకు ఉప్పు, ఎండకు గొడుగులు తెస్తున్నాం. అమ్మాయికి మందు కొన్నాను. మోకాళ్ళకేం, మాస్టారు చేతికర్ర ఇస్తానన్నారు.

బయల్దేరుతున్న అత్తగారు.

తా.క. నాకు కళ్ళజోడు కనబడక మీ ఉత్తరం మాస్టారి చేతే చదివించుకున్నాను.

*

అత్తయ్యగారికి,

ముఖం చెల్లక ఉత్తరం రాస్తున్నాను. రావద్దు అని ఒక్క ముక్క రాయాల్సింది. ఆ మాట రాయడానికి చెయ్యి రాక జలగల గురించి రాశాను. ఈ అడవిలోకి బయటివాళ్ళను రానివ్వకూడదు. ఇక్కడ ఎవరు కాలు కడుక్కున్నా ఆ నీళ్ళు కింద ఊరంతా తాగాలి.

ఆదివారం గేటుకు అటు మీరు, ఇటు నేను. "నన్ను కూడా ఆపుతారా అల్లుడుగారూ?" అన్నారు మీరు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "మిమ్మల్ని కూడా అత్తయ్యా" అన్నాను. మీ మాటకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. మీ అమ్మాయి ఊచల సందులోంచి చెంబుతో వాగునీళ్ళిస్తే మీరు ముట్టుకోలేదు. మాస్టారు మాత్రం వాసన చూసి, తాగి, ఇంకో చెంబు అడిగారు. అప్పటి నుంచీ మీ అమ్మాయి నన్నేమీ అనడం లేదు. తిట్టినా బాగుండేది.

అర్జీ పెట్టనివ్వండి. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ గేటు మాత్రం తీయలేను.

మీ అల్లుడు.

తా.క. జలగల మాట అబద్ధం కాదు.

*

అల్లుడుగారికి అత్తగారు సిగ్గుపడుతూ రాయునది.

తిరిగొచ్చేటప్పుడు వ్యాను సగం దారికి వచ్చాక మాస్టారు, "ఆ నీళ్ళకు వాసన లేదేం?" అన్నారు. మర్నాడు ప్లంబరును పిలిచి వీధి తవ్వించారు. అడవి నీళ్ళు పెద్ద రోడ్డు దాకానే వస్తాయట. మా వీధి పైపు సందు చివరి పాత బావిది. మూత విరిగి, అందులో పందికొక్కు చచ్చి పడి ఉంది.

ఇన్నేళ్ళూ నేను పొగిడిన నీళ్ళూ మీవి కావు, తిట్టిన నీళ్ళూ మీవి కావు. ఇంకొకరు చెప్పేలోపు నేనే కుళాయి దగ్గర నిలబడి, "మా అల్లుడిని అన్యాయంగా నలుగురిలో నిలబెట్టాను" అని చెప్పేశాను. ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ఆ నీళ్ళలో ఒక్క చుక్క కూడా మా ఇంటికి రాదని తెలిసినా మీరు నాకు గేటు తీసేవారు కారు. మీరు గేటు తీయలేదని వ్యానులో తలుచుకుని ఏడ్చాను. ఇప్పుడు అదే తలుచుకుని గర్వపడుతున్నాను. ఈ మాట అమ్మాయికి చదివి వినిపించండి.

అర్జీ పెట్టేశాం. మిమ్మల్ని మార్చమని కాదు, మీ అడవి నీళ్ళు మా వీధికీ ఇమ్మని. మొదటి సంతకం నాది.

మీ అత్తగారు.

తా.క. పైపు పడ్డాక ఏ కాస్త వాసన వచ్చినా ఎవరికి రాయాలో నాకు తెలుసు.