నోటిమాట మీద స్తంభం ఎక్కిన సూరిబాబుకి

ఒరేయ్ సూరిబాబూ, స్తంభం మీద కరెంటు కొట్టి నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పెళ్ళానికి కొవ్వూరులో లైన్‌మన్ ఉద్యోగం వచ్చింది. నీలాగే కాంట్రాక్టు. పర్మినెంటు మీద ఆశ పెట్టుకోవద్దన్నారు.

వద్దమ్మా అన్నాను.

"లైను ఆపామని సబ్‌స్టేషన్‌వాళ్ళు కాగితం మీద రాసిస్తేనే ఎక్కుతాను మావయ్యగారూ. నోటిమాట చాలని మీ అబ్బాయికి ఎవరు నేర్పారండి?" అంది.

నేనేరా. ముప్పై ఏళ్ళు లైన్‌మన్‌గా చేశాను. నలుగురిలో ఆ కాగితం కూడబలుక్కుని చదవడం నామోషీ అయ్యి, మగాడికి నోటిమాట చాలనేవాణ్ణి. నువ్వు చదువుకున్నవాడివి, అయినా నా మాటే విన్నావు.

తెలియదమ్మా అన్నాను.

మీ నాన్న