ప్రొద్దుటూరు కోర్టుకు కదిలిన మన కారు

మామా,

ఈ ఉత్తరం నీకు అందదని తెలుసు. అయినా నీ పెండ్లాన్ని, నీకే చెప్పాల. పులివెందుల దోవలో నా కండ్లముందర నిన్ను నరికినోడి మీద ఈ పొద్దు ప్రొద్దుటూరు కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చినా. వాడిప్పుడు పార్టీ కండువా కప్పుకున్న లీడరు.

నన్ను కోర్టుకు పోనీకుండా వాడి మనుషులు శానా చేసినారు. ఆటోలోళ్ళను బెదిరించినారు. నువ్వు తోలిన టాక్సీ ఉందిగానీ, ఇంజన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్‌కు అంచున పెట్టే ప్యాకింగ్ చినిగిపోయి, పోసిన ఆయిలంతా కారిపోతాండె. మన జమ్మలమడుగులో ఏ మెకానిక్కూ వాడి భయానికి దాన్ని ముట్టుకోలేదు. "కోర్టుకెట్ల పోతావో మేమూ చూస్తాం" అని వాడి మనుషులు నవ్వినారు.

నువ్వు చేస్తాంటే పక్కనుండి చూసిన పనే కదా, నిన్న నేనే కారు కిందికి దూరినా. బోల్టులు విప్పి, చాంబర్ దించి, అంటుకుపోయిన పాత ప్యాకింగ్ గీకి, కొత్తది పెట్టినా. మీయమ్మ బోల్టులు కొంగులో పట్టుకోని పక్కనే కూచునింది.

"గట్టిగా బిగించు పాపా. వాన్ని జైల్లో ఏసేదాకా ఈ బండి ఆగకూడదు" అనె.

తెల్లారినాక కొత్త ఆయిలు పోసి ఇద్దరమూ పోయినాం. నువ్వు నేర్పినట్లే నేనే తోలినా. చుక్క ఆయిలు కారలేదు.

"నరికినోడు ఈడ ఉండాడా?" అని వకీలు అడిగితే వేలు పెట్టి చూపిస్తి. వాడు నీళ్ళడిగినాడు. చెయ్యి వణికి సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

నాకు జాలి రాలేదు మామా. ఇంకాసేపు వణికితే బాగుండుననిపించె.