రెండో మూట వడ్లు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు కూలి చేసిన వరి పరిశోధన పొలం నుంచి పొద్దున మేడమ్ మనింటికి వచ్చింది. ఆగిపోయిన ప్రాజెక్టుకు సర్కారు మళ్ల పైసలిచ్చిందట. అప్పట్ల పైసలు బందయి మడులన్నీ దున్నేసిననాడు, నువ్వు రెండు రకాల విత్తనం ఇంటికి తెచ్చినవు. ప్రతి యేడు పెరట్ల వేసి కాపాడినవు.

ఒక మూట మేడమ్ చేతికిచ్చిన. రెండోది గాలివానకు పడిపోని రకం కదా. మొన్నటి వానకు సుల్తానాబాద్ చుట్టుపక్కల వరి అంత నేలకొరిగింది. వడ్లు రాక మిల్లు బందున్నది, హమాలీలు ఉత్తగ కూసున్నరు.

"పరిశోధన మధ్యల ఆగకపోతే ఆ రకం ఈపాటికి రైతుల పొలాల్లో ఉండేది. ఇంత నష్టం జరిగేది కాదు," అన్నది మేడమ్. "రెండో మూట ఏదమ్మా?" అని అడిగింది.

అవ్వ లేచి లోపలికి పోయింది.

నీ ఆఖరి జ్వరంల, ఇంటి వడ్లే అనుకొని అవ్వ గా మూట విప్పి దంచింది. జావ కాసింది. నేనే నీకు తాపిన. నువ్వు గిన్నె ఖాళీ చేసి, "గివి ఏ రకం బియ్యం బిడ్డా, మంచిగున్నయి" అన్నవు.