అమ్మ ముగ్గులో చివరి చుక్కలు

ఆదోని,
మంగళవారం.

తమ్ముడు వీరేశకు అక్క నాగమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ బావ, పిల్లలు, నేను బాగున్నాం. అక్కడ నువ్వు, లక్ష్మి, ఉయ్యాలలోని పాప ఎలా ఉన్నారో రాయి. అమ్మ ఎలా ఉందని నీ జాబులో అడగనే లేదు కాబట్టి అది నేనే చెప్తాను.

మీ బావకు ఇక్కడి జిన్నింగు మిల్లులో పని దొరికి ఎమ్మిగనూరు విడిచి నాలుగు నెలలైంది. ఈ ఊరికి ఇంకా అలవాటు పడలేదు. దూది నలుసులు కూట్లో కూడా పడతాయి. మగ్గం చప్పుడు లేని ఇంట్లో మధ్యాహ్నాలు గడవవు. అందుకే పోయిన నెల నువ్వు అమ్మను తెచ్చి దింపితే సంతోషపడ్డాను. బస్సు దగ్గర నువ్వన్న మాట మాత్రం మరచిపోలేదు.

"నీకాడే పెట్టుకోక్కా. పాపను ఉయ్యాల్లో ఏసిన దినం కూడా ముఖం మాడ్చుకోని కూసునింది. మగ్గానికి నూలు కండెలు సుట్టమంటే కావాలనే నిదానం సేస్తాది. శెనక్కాయలు మాడుతాంటే పక్కనే కూసోని సూస్తాంది."

నేనూ సగం నమ్మాను. మర్నాడు అమ్మ వాకిట్లో పదకొండు చుక్కల ముగ్గు మొదలుపెట్టింది. మొదటి చుక్కల మధ్య నాలుగు వేళ్ల ఎడం, చివరికి వచ్చేసరికి ఒక్క వేలు. పిండి మిగిలిస్తున్నావా అని కసిరాను. ఆ కసురు నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

తర్వాత రోజూ అంతే. అనుమానమొచ్చి, పాలలెక్కల పుస్తకం వెనక పేజీల్లో అమ్మ తీరు రాసుకుంటూ వచ్చాను. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగదు. ఇంగువ డబ్బా ముక్కు దగ్గర పెడితే వాసనే లేదంది. మీ బావ మాటకు అందరం పగలబడి నవ్వితే ఆమె ముఖం కదల్లేదు. కోపమా అని అడిగాను.

"నగుతానే ఉండానే. ముఖానికే ఎందుకో తెలీలేదు" అంది.

ఆ పుస్తకం పట్టుకుని అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నడిపించి చూశాడు, వేళ్లు ఆడించమన్నాడు, కాగితం మీద చుక్కలు పెట్టించాడు. నరాల జబ్బు, వణుకువాతం మొదలన్నాడు. పని నిదానం కావడం, చుక్కలు దగ్గరపడటం, వాసన తెలీకపోవడం, ముఖం కదలకపోవడం అన్నీ దాని గుర్తులేనట. చేతులు వణికిన తర్వాతే అందరూ వస్తారట, మనం ముందే పోయామట. పూర్తిగా పోదు. మాత్రలు వేసుకుని, రోజూ నడుస్తూ ఉంటే ఇంకా చాలాకాలం తన పని తాను చేసుకోగలదు. తొందరపెట్టకూడదు, భయపెట్టకూడదు అన్నాడు.

నువ్వేమో దయ్యం పట్టిందని తేల్చి, శుక్రవారం వచ్చి గూడూరులో వేపమండలతో కొట్టే మనిషి దగ్గరికి పిలుచుకుపోతానని రాశావు. ఇరవై ఏళ్లు నీ మగ్గానికి కండెలు చుట్టిన చెయ్యి అది. ఆ పనికే వచ్చేటట్టయితే నా గడప తొక్కొద్దు. మీ బావ కూడా ఆరోజు పనికి పోవడం లేదు. డాక్టరు మాట వినడానికైతే రా, ఉగ్గాని చేసి పెడతాను.

అమ్మ కంబళి పంపించు. లక్ష్మి కప్పుకుంటున్నదని తెలుసు.

చిన్నాయనకు మా అందరి నమస్కారాలు. పాపకు ముద్దులు.

ఈ కాగితం అడుగున అమ్మ పెన్సిలుతో పదకొండు చుక్కలు పెట్టింది, పాపకు దీవెన అని. తొలి రెండింటి మధ్య నీ బొటనవేలు పెట్టి చూడు. చివరి రెండింటి మధ్య సూదిమొన పెట్టి చూడు. ఆ తర్వాత కూడా కావాలనే చేస్తున్నదని అనగలిగితే, అది నా ముందుకొచ్చి అను.

నీ అక్క
నాగమ్మ