పద్నాలుగో నియమం, కిటికీ సీటు

లిలెయ్ ద్వీపం, ఫిబ్రవరి 3

ఓస్లోలోని అంతరిక్ష ప్రయాణాల కార్యాలయం వారికి,

మీ ఆహ్వానం అందింది. చిన్న అక్షరాలు నా కంటికి ఆనలేదు. "ప్రయాణికులు", "కిటికీ" అన్న పెద్ద అక్షరాలు చూసి గంతులేశాను. తప్పకుండా వస్తాను. వచ్చే చలికాలానికి చూపు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పేశారు. ఈలోగా ఒక్కసారి భూమి గుండ్రంగా కనబడితే చాలు నాకు.

ఇట్లు,
ఓలౌగ్

తా.క.: మేకపాల జున్ను తెచ్చుకోవచ్చా?

*

ఓస్లో, ఫిబ్రవరి 10

గౌరవనీయులైన ఓలౌగ్ గారికి,

అది ఆహ్వానం కాదండీ, నియమాల ముసాయిదా. రాకెట్ దారి కింద ఉన్న ప్రతి ఇంటి అభిప్రాయమూ అడగాలి, వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ నమోదు చేయాలి. అందుకని మీ జున్ను ఒకటో నంబరు అభిప్రాయంగా ఎక్కింది. మీ గంతుల సంగతి చదివి మా పై అధికారి, వ్యోమనౌక లోపల గంతులేయరాదని ఒక నియమం చేర్చారు. మిగతాదంతా విమానాల చట్టమే. "విమానం" ఉన్నచోటల్లా "వ్యోమనౌక" అని మార్చాం. లోపాలుంటే చెప్పగలరు.

భవదీయుడు,
ఐవిన్, నియమాల అధికారి

తా.క.: లైఫ్ జాకెట్ల నియమం తీసేస్తున్నాం. శూన్యంలో నీళ్లేవి?

*

లిలెయ్, ఫిబ్రవరి 18

ఐవిన్ బాబుకి,

ముప్పై ఒక్క ఏళ్లు చిన్న విమానాల్లో ఎయిర్ హోస్టెస్‌గా చేశాను, రాసుకో. జాకెట్లు తీయకు. తిరిగొచ్చి పడేది మా సముద్రంలోనే కదయ్యా! తన పొరపాటు తానే చెప్పినవాణ్ణి శిక్షించకండి, శిక్షిస్తే ఇంకెవడూ నోరు విప్పడు. కిటికీలోంచి ఏం కనబడుతోందో మైకులో చెబుతూ ఉండాలి, సగం భయం దానితోనే పోతుంది. పద్నాలుగో నియమంగా ఇది పెట్టు: ప్రమాదంలో బయటపడే తలుపు మీది అక్షరాలు తమ సీట్లోంచి చదవలేనివారిని ఎక్కించకూడదు.

నీ మేలు కోరే
ఓలౌగ్

తా.క.: అక్కడ మనిషికి బరువే ఉండదట. గంతులేయొద్దని ఎవరికి చెబుతావు?

*

ఓస్లో, మార్చి 2

ఓలౌగ్ గారికి,

అన్నీ ఆమోదించారు. ఇంకో శుభవార్త. మొదటి ప్రయాణంలో కంపెనీ మీ ద్వీపానికి ఒక సీటిచ్చింది. మిగతావాళ్లంతా కాడ్ చేపల వేటలో ఉన్నారు, అడిగింది మీరొక్కరే. కిటికీ పక్కనే! పద్నాలుగో నియమం కింద ఒక్క సంతకం చేసి పంపండి.

ఐవిన్

తా.క.: జున్నుకు అనుమతి వచ్చింది.

*

లిలెయ్, మార్చి 9

ఐవిన్ బాబుకి,

సంతకం చేయలేను నాయనా. ఆ అక్షరాలు నాకు కనబడవు. నియమం రాసేటప్పుడే ఆ సంగతి తెలుసు. పొగ కమ్ముకుంటే నా వెనక ఉన్నవాళ్లు నా వల్ల ఆగిపోతారు. ఒక పూటంతా ఏడ్చాను. ఇప్పుడు పరవాలేదు.

ఓలౌగ్

తా.క.: జున్ను నేనే తినేశాను.

*

ఓస్లో, మార్చి 16

ప్రియమైన ఓలౌగ్ గారికి,

కొత్త విమానంలాగే కొత్త వ్యోమనౌకలోనూ మొదటిసారి ఒక తనిఖీ అధికారి వెళ్లాలట. ఆ నియమం నేనే రాశాను. వెళ్లేది కూడా నేనేనట! నిచ్చెన ఎక్కితేనే నాకు కళ్లు తిరుగుతాయి. మైకు నియమం ప్రకారం కిటికీలో కనబడేదంతా చెప్పాల్సింది కూడా నేనే. ఆ మాటలు కింద రేడియోలో మీకు వినబడేలా ఏర్పాటు చేశాను. గురువారం పొద్దున పదకొండింటికి రేడియో దగ్గర కూర్చోండి. మేఘాలూ, మంచూ, మీ ద్వీపం, భూమి వంపు, ఏ రంగులో ఏముందో అంతా మీకే చెబుతాను.

మీ
ఐవిన్

తా.క.: భయంతో నేను కళ్లు మూసుకుంటానేమో. అదే రేడియోలో మీ మాట కూడా నాకు వినబడుతుంది. నేను చెప్పడం ఆపితే, "కళ్లు తెరవరా!" అని ఒక్క కేక వేయండి.